బాత్రూమ్ నుంచి బయటికొచ్చి దేవుణ్ణి స్తుతిస్తారా?

నమస్కారం అండి.

యూదు మతం గురించి మనవాళ్ళ దగ్గర ఎత్తితే చాలు, ఒకటే మాట వస్తుంది. "అబ్బో, అదంతా రూల్సే కదండీ! ఇది తినకూడదు, అది ముట్టుకోకూడదు, శనివారం స్విచ్ వేయకూడదు." చర్చికి వెళ్ళే అలవాటున్నవాళ్ళయితే ఇంకాస్త ముందుకెళ్ళి "పరిసయ్యుల మతం" అనేస్తారు, అంటే బైబిల్లో రూల్స్ పట్టుకుని వేలాడేవాళ్ళుగా కనిపించే ఆ మనుషుల మతం అని. అంతే, కేసు క్లోజ్.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకే. రూల్స్ లేవని కాదు, బోలెడున్నాయి. కానీ వాటిని ఎక్కడెక్కడ పెట్టారో చూడకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా? అది చూస్తేనే కదా వాళ్ళు దేవుణ్ణి, ఆశను ఎక్కడ వెతుకుతున్నారో తెలిసేది.

అబ్రాహాము, మోషే, ఎర్ర సముద్రం, పది ఆజ్ఞలు ఇవన్నీ మీకు తెలిసినవే. వాటిని వదిలేసి తిన్నగా బాత్రూమ్ దగ్గరికి వెళ్దాం.

అవును, బాత్రూమ్ దగ్గరికే.

ఆచారం పాటించే యూదులు టాయిలెట్‌కి వెళ్ళొచ్చి, చేతులు కడుక్కున్నాక ఒక చిన్న ప్రార్థన చెప్తారు. దాని పేరు ఆశెర్ యాట్సార్. సారాంశం చెప్తాను: మనిషిని తెలివిగా రూపొందించి, వాడి ఒంట్లో రంధ్రాలూ ఖాళీలూ పెట్టిన దేవా, నీకు స్తుతి. వీటిలో ఒక్కటి చిరిగినా, ఒక్కటి పూడుకుపోయినా మేము బతికి నీ ముందు నిలబడలేమని నీకు తెలుసు. సకల శరీరాలనూ బాగుచేసేవాడివి, అద్భుతాలు చేసేవాడివి, నీకు స్తుతి.

నవ్వొచ్చిందా? రావాలి కూడా. వెళ్ళొచ్చింది ఒకటికి, పైగా దాన్ని అద్భుతం అంటున్నారు!

ఇది ఈమధ్య ఏ వెల్‌నెస్ కోచో రాసింది కాదు. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో, అప్పటి బబులోనులో, 4వ శతాబ్దంలో ఉన్న అబయే అనే పండితుడి పేరు మీద, యూదు గురువుల చర్చల సంకలనమైన తల్మూద్‌లో ఉంది. అక్కడే, ఈ ప్రార్థనను ఏ మాటతో ముగించాలన్నదాని మీద ఒక చిన్న గొడవ కూడా నమోదైంది. నాకు భలే ఇష్టమైన గొడవ అది.

రవ్ అనే గురువు "రోగులను బాగుచేసేవాడు అని ముగించాలి" అన్నాడు. షమూయేల్ అనే ఇంకో గురువు ఊరుకోలేదు. "అదేమిటి, లోకంలో అందరినీ రోగుల్ని చేసేశాడే!" అని ఎద్దేవా చేసి, "సకల శరీరాలనూ బాగుచేసేవాడు అనాలి" అన్నాడు. మూడో ఆయన రవ్ షేషెత్. "అద్భుతాలు చేసేవాడు అనాలి" అన్నాడు. చివరికి రవ్ పాపా వచ్చి "ఎందుకొచ్చిన గొడవ, ఈ చివరి రెండూ చెప్దాం" అని తేల్చాడు. ఇవాళ్టికీ రెండూ చెప్తున్నారు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, ఈ షమూయేల్ స్వయంగా వైద్యుడు. కంటి మందుకు పేరున్న మనిషి. "రోగులను" అన్న మాట వద్దన్నది ఆయనే. నాకు అర్థమైంది ఏమిటంటే, రోగం తగ్గిన రోజున మొక్కు తీర్చుకోవడం ఎవరైనా చేస్తారు. ఏ రోగమూ లేని మామూలు మంగళవారం నాడు ఒళ్ళు దాని పని అది చేసుకుపోతోందే, అదీ వైద్యమే అంటున్నాడు ఆయన. పైగా అది రోజుకు ఐదారుసార్లు జరుగుతోంది.

1997లో అమెరికా వైద్య పత్రిక జామాలో కెన్నెత్ ప్రేగర్ అనే డాక్టర్ ఈ ప్రార్థన గురించే ఒక వ్యాసం రాశారు. చిన్నప్పుడు యూదు బడిలో బాత్రూమ్ బయట ఇది రాసి ఉంటే పిల్లలకు నవ్వులాటగా ఉండేదట. తర్వాత మెడిసిన్‌లో చేరి, ఏ గొట్టం ఎక్కడ మూసుకుపోతే ఏమవుతుందో చదివాక నవ్వు పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాయి వచ్చి ఉంటే, ప్రోస్టేట్ ఆపరేషనో డయాలసిసో అయి ఉంటే, ఈ ప్రార్థనకు నేను అర్థం చెప్పనక్కర్లేదు. మూత్రం ఆగిపోయిన మనిషి పక్కన ఒక రాత్రి కూర్చుంటే చాలు.

సరే, ఇక్కడ ఆశ ఎక్కడుంది, దేవుడెక్కడున్నాడు అంటారు. వస్తున్నా.

ఇలాంటి చిన్న స్తుతిని బ్రాఖా అంటారు. ఇది స్పీడ్ బ్రేకర్ లాంటిది. హైవే మీద ఎనభైలో పోతుంటే పక్కన ఏ ఊరొచ్చిందో, ఏ ఊరు పోయిందో తెలియదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి స్లో అయితేనే టీ కొట్టు కనిపిస్తుంది, అరుగు మీద కూర్చున్న ముసలాయన కనిపిస్తాడు. అవి అప్పుడే పుట్టుకొచ్చినవి కావు, మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. యూదు గురువులు చేసింది అదే. మనిషి ఏమీ గమనించకుండా దూసుకుపోయే చోటు చూసి మరీ బ్రేకర్లు వేశారు. నిద్ర లేవగానే ఒకటి, నోట్లో ముద్ద పెట్టుకునే ముందు ఒకటి, ఉరుము వింటే ఒకటి, మెరుపు చూస్తే ఒకటి, ఇంద్రధనుస్సు కనిపిస్తే ఒకటి. వసంతంలో పండ్ల చెట్టు పూత పూసినప్పుడు చెప్పడానికి ఏడాదికి ఒక్కసారి వచ్చేది ఇంకోటి. బాత్రూమ్ తలుపు దగ్గరున్నది వీటన్నిటిలోకీ అందరికీ తప్పని బ్రేకర్.

రోజుకు వంద బ్రాఖాలు చెప్పాలి అన్నది రబ్బీ మేయిర్ అనే పాతకాలపు గురువు మాట. వంద అంటే ఎక్కువ అనిపిస్తుంది గానీ, మామూలు రోజుల్లో మూడు పూటల ముఖ్య ప్రార్థనలో పూటకు 19 చొప్పున 57 అక్కడే అయిపోతాయి. షబ్బాత్ నాడు, అంటే శనివారపు విశ్రాంతి రోజున, ఆ ప్రార్థన పొట్టిది, పూటకు ఏడే. మరి లెక్క తగ్గిపోతుందే? తల్మూద్‌లో ఒకాయన ఆ లోటు పూడ్చడానికి సుగంధ ద్రవ్యాల వాసన చూసేవాడు, రుచికరమైనవి తినేవాడు. దేవుడి లెక్క సరిచేయడానికి ఫలహారం చేయడం అన్నమాట! నాకైతే ఈ మతం ఇక్కడే నచ్చేసింది.

[తెర మీద అరటి గెల]

తిండి దగ్గర వీళ్ళ పట్టింపు చూడండి. చెట్టుకు కాసే పండుకు ఒక బ్రాఖా, నేల నుంచి వచ్చే కూరగాయకు వేరే బ్రాఖా. మరి అరటిపండు? చెట్టు పండే కదా అనుకుంటాం. కాదు. ఒక్క గెల వేశాక ఆ బోదె పోతుంది, పిలకలు వస్తాయి. ఏటేటా నిలిచి కాసే మాను కాదు కాబట్టి అరటిది నేల పంట బ్రాఖానే. 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మ గ్రంథంలో ఈ తీర్పు ఉంది. అరటితోట వేసిన ఏ రైతైనా ఒప్పుకునే తీర్పే.

"ఇదుగో, ఇదే మేము చెప్పేది! అరటిపండు తినడానికి కూడా రూలా?" అంటారు మీరు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఏ బ్రాఖా చెప్పాలో తెలియాలంటే చేతిలో ఉన్నది ఎక్కడ కాసిందో తెలియాలి. ఆ ప్రశ్న వేసుకోకుండా తినడానికి వీల్లేదు. తల్మూద్ ఇంకా గట్టిగా అంటుంది: బ్రాఖా చెప్పకుండా ఈ లోకాన్ని అనుభవించినవాడు దేవుడి సొత్తు వాడుకున్నట్టే. చెప్పకముందు భూమి దేవుడిది, చెప్పాక మనకు ఇచ్చినది.

ఇప్పుడు నిజం మాట్లాడుకుందాం. రోజూ దాటే స్పీడ్ బ్రేకర్ దగ్గర మన బైకువాళ్ళు ఏం చేస్తారు? అంచున జానెడు సందు ఉంటుంది, అందులోంచి జర్రుమని పోతారు. బ్రాఖాలదీ అదే గతి. నోరు గొణుగుతుంది, మనసు ఆఫీసులో ఉంటుంది. యూదులకు ఇది తెలియదనుకోకండి. మనసు పెట్టి చెప్పడం ఎలా అన్నదాని మీద శతాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. వందసార్లలో రెండుసార్లు బండి స్లో అయినా మేలే కదా అని నా లెక్క. అసలు బ్రేకరే లేకపోతే ఆ రెండు కూడా ఉండవు.

టైమ్ అయిపోతోంది, ముఖ్యమైనది ఇంకా చెప్పలేదు.

మంచికి స్తుతి సరే, చెడ్డకు? చావు కబురు వింటే కూడా ఒక బ్రాఖా ఉంది, "సత్యమైన న్యాయాధిపతి" అని. చెడుకూ మంచికీ రెండిటికీ బ్రాఖా చెప్పాలన్నది సుమారు క్రీ.శ. 200 నాటి మిష్నా అనే యూదు ధర్మ సంకలనం మాట. దీన్ని "అంతా మన మంచికే" అనే మన సాకుతో కలపకండి, ప్లీజ్. ఆ కబురుకు దగ్గరి బంధువులు బట్ట చింపుకుంటారు. జరిగింది మంచిదని ఎవరూ నటించరు.

అదే మిష్నాలో ఇంకో మాట ఉంది. ప్రయాణం నుంచి వస్తున్న మనిషికి ఊళ్ళోంచి ఏడుపులు వినిపిస్తాయి. "దేవుడా, అది మా ఇంట్లో కాకూడదు" అని ప్రార్థిస్తాడు. అది వ్యర్థమైన ప్రార్థన అంటుంది మిష్నా. జరిగిపోయింది కాబట్టి. మా ఇంట్లో కాదంటే ఇంకొకరి ఇంట్లో కావాలనే కదా, అది నేను కలిపే మాట. అర్ధరాత్రి ఫోన్ మోగితే మనందరం చేసే ప్రార్థన ఇదే. మరి ఏం చేయాలి? కాస్త కిందనే ఉంది: జరిగినదానికి కృతజ్ఞత చెప్పు, జరగబోయేదాని కోసం మొరపెట్టు. నేను చదివినంతలో ఆశ అన్నదాన్ని ఇంత టెన్షన్ లేకుండా ఎవరూ చెప్పలేదు. నిన్నటిని మార్చమని అడగడం ఇందులో లేదు. రేపటి తలుపు మాత్రం మూయలేదు.

నాజీలు యూదులను ఊచకోత కోసిన హోలోకాస్ట్ తర్వాత కూడా ఇవన్నీ చెప్పగలరా అని అడుగుతారు. చాలామంది చెప్పలేక మానేశారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకైతే లేదు. చెప్తూనే వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు రకాలవాళ్ళూ ఒకే కుటుంబంలో ఉండొచ్చు.

ఆశ గురించి మిగతావి గబగబా చెప్పేస్తా. స్నేహితుణ్ణి ఏడాది తర్వాత చూస్తే "చనిపోయినవారిని బతికించేవాడా" అనే బ్రాఖా ఉంది. ఫోన్లు లేని కాలంలో ఆ ఏడాదిలో మనిషి ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు? హనుక్కా అనే ఎనిమిది రోజుల దీపాల పండగ విషయంలో, షమ్మయి, హిల్లేల్ అనే ఇద్దరు పాత గురువుల్లో షమ్మయి శిష్యులు "మొదటి రాత్రి ఎనిమిది దీపాలు పెట్టి రోజుకొకటి తగ్గిద్దాం" అంటే, హిల్లేల్ శిష్యులు "ఒకటితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోదాం" అన్నారు. హిల్లేల్ పక్షమే నెగ్గింది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, యిర్మీయా ప్రవక్త అనాతోతులో 17 షెకెళ్ళ వెండికి పొలం కొన్నాడు. సాక్షుల్ని పెట్టి, సంతకాలు చేసి, కాగితాలు మట్టికుండలో దాయించాడు. శత్రువు చేతిలోకి పోతున్న భూమికి రిజిస్ట్రేషన్! ఆ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ కొంటారు అన్నాడు. ఆ తర్వాతి అధ్యాయంలో, యెరూషలేము వీధుల్లో పెళ్ళికొడుకు గొంతు, పెళ్ళికూతురు గొంతు మళ్ళీ వినిపిస్తాయనే మాట ఉంది. ఆ మాటల్ని ఇవాళ్టి యూదు పెళ్ళిళ్ళలో చదివే ఏడు బ్రాఖాల్లో చివరిదానిలో వింటాం.

మన దేశం సంగతి రెండు ముక్కల్లో. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదులు గానుగ ఆడేవాళ్ళు. శనివారం పని మానేసేవాళ్ళు కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు వాళ్ళను శనివార్ తేలీ అనేవారు, అంటే శనివారం నూనెవాళ్ళు. శుభకార్యాలకు మలీదా చేస్తారు. అటుకులు, కొబ్బరి తురుము, చక్కెర కలిపి, పళ్ళు పెట్టి, ఏలీయా ప్రవక్తను తలుచుకుని, బ్రాఖాలు చెప్పి పంచుతారు. అక్కడ మీకు ఇందాకటి అరటిపండు కూడా కనిపించొచ్చు, ఏ బ్రాఖానో మీకు ఇప్పుడు తెలుసు. తెలుగువాళ్ళలో కూడా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం కొన్ని దశాబ్దాలుగా సొంత సినగాగు, అంటే యూదుల ప్రార్థన మందిరం, పెట్టుకుని షబ్బాత్ పాటిస్తోంది. మాదిగ కుటుంబాలవాళ్ళు. వాళ్ళ గురించి రెండు ముక్కల్లో చెప్పి వదిలేయడం అన్యాయం, విడిగా వీడియో చేయాల్సిందే.

శనివారం స్విచ్ ఎందుకు వేయరు, లిఫ్ట్ ఎందుకు తనంతట తానే ప్రతి అంతస్తులో ఆగుతుంది, నిషేధించిన పనులు సరిగ్గా 39 ఎలా అయ్యాయి, ఇవన్నీ వచ్చే వీడియోలో. ఆ వీడియో చూసేదాకా "అంతా రూల్సే కదా" అనే మాట దయచేసి ఆపండి. ఉంటానండి.