బాబ్లీ గేట్లకు తేదీలున్నాయి, దిగుమతి సుంకానికి లేవు

(నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో తెలుగులో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: సోయా, పత్తి పండించే రైతు, మార్కెట్ యార్డులోని అడ్తిదారు, ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. విదేశాలతో ఒప్పందాలు చేసుకుని మన ధర పడగొట్టారన్న మాట ఈ తాలూకాలో తరచూ వింటున్నాం. అందులో ఒప్పందాల పాలు ఎంత, ఢిల్లీ తనంతట తాను తీసుకున్న నిర్ణయాల పాలు ఎంత అన్నదే ఇవాళ్టి చర్చ. రైతుగారూ, మీరు మొదలుపెట్టండి.

రైతు: 2024 దీపావళికి ముందు ట్రాలీలో సోయా వేసుకుని యార్డుకు వెళ్లాను. గుప్పెడు గింజలు తేమ మిషన్‌లో పోస్తే పద్నాలుగు చూపింది. పన్నెండు దాటితే ధర కోస్తారు. అందుకు నేనేమీ బాధపడలేదు, వాన కురిసింది నా చేలోనే కదా. కానీ ఆ తర్వాత సేటు ఫోన్ తీసి, మలేషియా పామాయిల్ రేటు చూసి నా గింజకు ధర కట్టాడు. మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలైతే నాకు అంత రాలేదు. మలేషియాకూ నా చేనుకూ ఏమిటి సంబంధమని అడిగితే, పక్కన కూర్చున్నవాళ్లు ఒప్పందం వల్లే అన్నారు.

అడ్తిదారు: ఆ మాట నేను అనను. సోయాలో నూనె నూటికి పద్దెనిమిది పాళ్ల వరకే ఉంటుంది, తక్కినదంతా దాదాపు పిండే. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో మిగిలే మొక్కజొన్న, బియ్యం పిప్పిని కోళ్ల దాణాలో కలపడం పెరిగాక సోయాపిండిని అడిగేవాళ్లు తగ్గారు. దానికోసం మనవాళ్లు ఏ దేశంతోనూ సంతకం పెట్టలేదు.

అధ్యాపకురాలు: నూనె సంగతికి వస్తే, సోయానూనెతో పోటీపడేది పామాయిల్. 2009 ఆగస్టులో బ్యాంకాక్‌లో ఆసియాన్ దేశాలతో, అంటే మలేషియా కూడా ఉన్న ఆగ్నేయాసియా కూటమితో, సరుకుల ఒప్పందం కుదిరి, 2010 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ముడి పామాయిల్‌పై సుంకాన్ని ఏటా కొంత తగ్గిస్తూ చివరికి 37.5 శాతానికి, శుద్ధి చేసినదానిపై 45 శాతానికి తీసుకురావాలని రాసుకున్నారు. అంటే అంతకన్నా ఎక్కువ వేయకూడదన్న కట్టు అది, అంతకన్నా తగ్గించమన్న ఆజ్ఞ కాదు. మరి మన దేశం ఏం చేసిందో చూడండి: ముడి వంటనూనెలపై మూల సుంకాన్ని ముందు సున్నాకు దించి, 2024 సెప్టెంబరులో ఇరవై శాతానికి పెంచి, 2025 మే చివర, సరిగ్గా మనం విత్తనానికి సిద్ధమయ్యే వేళ, పది శాతానికి తగ్గించింది. ఆ పది శాతం ఆసియాన్ ఒప్పందం అడిగింది కాదు.

సమన్వయకర్త: 2024 సెప్టెంబరు అంటే, మహారాష్ట్ర శాసనసభ ఎన్నికలకు రెండు నెలల ముందు.

అధ్యాపకురాలు: ఆ లెక్క ప్రేక్షకులే వేసుకోగలరు. అయితే ఒప్పందాలు చేతులు కట్టవని నేను అనడం లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర మనం ఒప్పుకున్న పరిమితి పామాయిల్‌కు 300 శాతమైతే, సోయానూనెకు 45 శాతమే. సోయా రైతుకు కష్టకాలం వచ్చి అంతకు మించి రక్షణ కావాలంటే మామూలు సుంకంతో దారి లేదు.

రైతు: నూనె సరే అమ్మా, పత్తి మాటేమిటి? అది ఏ దేశం చేసిన పని?

అధ్యాపకురాలు: ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద ఏటా 51 వేల టన్నుల పత్తి సుంకం లేకుండా రావచ్చు. అది మూడు లక్షల బేళ్లు, మన దేశపు దిగుబడిలో సుమారు నూరో వంతు. అసలు దెబ్బ 2025 ఆగస్టు 19న తగిలింది. అమెరికా మన సరుకుపై సుంకాలు పెంచడంతో బట్టల మిల్లులను ఆదుకోవాలని పదకొండు శాతం పత్తి సుంకాన్ని ప్రభుత్వం ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు చివరి వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆస్ట్రేలియాకు ఇచ్చిన కోటాకు ఒక హద్దుంది, దీనికి ఏ దేశమన్న హద్దూ లేదు, ఇంత పరిమాణమన్న హద్దూ లేదు.

రైతు: మేం పత్తి ఏరడం మొదలయ్యేది అక్టోబరులోనే. మద్దతు ధర 8,110 అని ప్రకటించి, పంట చేతికి వచ్చే నెలల్లోనే తలుపు తీశారు.

అడ్తిదారు: మిల్లు నడవకపోతే మీ పత్తి కొనేదెవరు? బ్రిటన్‌తో 2025 జూలైలో సంతకం చేసిన ఒప్పందంలో మన దుస్తులకు సుంకం ఎత్తేయడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఆ గిరాకీ వస్తే దాని ఫలం దూదికీ అందుతుంది. నేను ఒప్పందాలకు వ్యతిరేకిని కాను.

సమన్వయకర్త: వీటిపై ముంబైలోని శాసనసభకు మాట ఉండదా?

అధ్యాపకురాలు: ఇందులో ఒక విచిత్రం ఉంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 14వ అంశం విదేశీ ఒప్పందాలు, రాష్ట్ర జాబితా 14వ అంశం వ్యవసాయం. అంకె ఒకటే, అధికారాలు మాత్రం వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఒప్పందాన్ని పార్లమెంటు ఓటుతో ఆమోదించాలన్న నిబంధన కూడా లేదు. అందుకే ఈ రాజకీయమంతా సభ బయటే నడుస్తుంది. ఆసియాన్ ఒప్పందానికి వ్యతిరేకంగా 2009 అక్టోబరు 2న కేరళలో వామపక్షాలు మానవహారం కట్టాయి. 2019 నవంబరులో మన దేశం ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందంలో చేరకుండా ఆగిపోవడం వెనుక పాడి రైతుల ఒత్తిడి కూడా ఉంది. సోయా రైతుకు అంత సంఘబలం ఇంకా రాలేదు, ముఖ్యంగా ఇటు మరాఠీ సభలకూ అటు తెలుగు సభలకూ పూర్తిగా చెందని మన సరిహద్దు ఊళ్లలో.

రైతు: ఒప్పందమంటే మాకు గోదావరి మీద, పక్క తెలుగు రాష్ట్రంతో తగువు పడిన మన బాబ్లీ బ్యారేజీ తెలుసు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి, చూసేందుకు ముగ్గురి కమిటీ. మాకు ఆ తీర్పు నచ్చిందా లేదా అన్నది వేరే మాట, ఏ రోజు ఏమవుతుందో మాత్రం తెలుసు. సుంకానికి కూడా అలాంటి తేదీ ఒకటి పెట్టమనండి. విత్తనం వేసే ముందు చెప్పండి, పంట అమ్ముకునే దాకా ముట్టకండి.

అధ్యాపకురాలు: ఒప్పందంలోని సుంకాల పట్టికకు అలాంటి తేదీలు ఉంటాయి, పదేళ్ల ముందే చదువుకోవచ్చు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద ఇచ్చే నోటిఫికేషన్‌కు మాత్రం ఉండవు. ప్రజాప్రయోజనం పేరిట ప్రభుత్వం ఏ రోజైనా మినహాయింపు ఇవ్వగలదు. దాన్ని పార్లమెంటు ముందు పెట్టాల్సిందే గానీ, అప్పటికే ఓడ రేవుకు చేరి ఉంటుంది.

అడ్తిదారు: సీజనంతా సుంకం బిగించారనుకుందాం. పండగకు నూనె డబ్బా ధర పెరిగితే అన్నా, మీ ఇంట్లోవాళ్లే ముందు నన్ను నిలదీస్తారు.

రైతు: నిలదీస్తారు సేటూ. మా వంటింట్లో ఉన్నది కూడా పామాయిలే.