పేగు టీబీనా, క్రోన్స్ వ్యాధా? రెండో కొలనోస్కోపీ ఎందుకు మానకూడదు

(నేల మీద రెండు తాళ్లు. ఒకటి సన్నది, ఒకటి లావుది. మధ్యలో ముడి.)

నమస్కారం. ఈ సన్న తాడు సుమారు 6 మీటర్లు. మన చిన్న పేగు దాదాపు ఇంత పొడవుంటుంది. ఈ లావు తాడు మీటరున్నర, ఇది పెద్ద పేగు. రెండూ కలిసే చోట ముడి వేశాను, చూడండి. పొట్టకు కుడివైపు, కింద, అపెండిక్స్ ఉండే చోటే. ఇవాళ్టి వీడియో అంతా ఈ ముడి గురించే.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య. అన్నం తిన్న కాసేపటికి కుడివైపు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది. చెయ్యి పెట్టి చూస్తే లోపల బంతిలాంటిది పైకి లేచేది. గుడగుడమని చప్పుడు చేసి అణిగిపోయేది, అప్పుడు ప్రాణం కుదుటపడేది. గ్యాస్ అనుకుని ఏడు నెలలు గ్యాస్ మాత్రలే మింగాడు. ప్యాంటు జారిపోతుంటే మేకు కాల్చి బెల్టుకు కొత్త చిల్లు పెట్టుకోవడం నా కళ్లతో చూశాను.

(క్లోజప్: ముడి దగ్గర తాడును గట్టిగా బిగిస్తాను.)

పేగు ఇలా సన్నబడితే తిన్నది ముందుకు కదలదు. వెనక భాగం ఉబ్బి, బలంగా తోస్తుంది. ఆ బంతి అదే. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోవడం లేదంటే దారి పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఈ చోటును ఇలా పాడుచేసే జబ్బుల్లో ముఖ్యమైనవి రెండు. పేగు టీబీ బ్యాక్టీరియా వల్ల వస్తుంది. టీబీ ఉన్న మనిషి మింగే కఫంతో, కాచని పాలతో కూడా అది లోపలికి చేరగలదు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా పేగులో టీబీ ఉండొచ్చు. క్రోన్స్ వ్యాధి అంటువ్యాధి కాదు. మన రోగనిరోధక శక్తే దారితప్పి పేగును వాపెక్కిస్తుంది. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆస్పత్రి డాక్టర్లు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ దీన్ని వర్ణించినప్పుడు రాసింది కూడా చిన్న పేగు చివరి భాగం గురించే.

కొలనోస్కోపీలో, అంటే మలద్వారం గుండా సన్నటి కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసే పరీక్షలో, రెంటి పుండ్లూ ఒకేలా కనిపించొచ్చు. మందులు మాత్రం పూర్తిగా వేరు. క్రోన్స్‌కు ఇచ్చే స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి. నిజంగా ఉన్నది టీబీ అయితే అది ఒళ్లంతా పాకుతుంది. క్రోన్స్ ఉన్నవాళ్లకు టీబీ మందులే వాడుతూ పోతే, ఈలోపు పేగు ఇంకా సన్నబడుతుంది.

సాయంత్రం జ్వరం, పొట్టలో నీరు ఉంటే డాక్టర్లు టీబీ వైపు చూస్తారు. మలద్వారం పక్కన ఫిస్టులా (చీము కారే చిన్న దారి), మళ్లీ మళ్లీ నోటిపూత ఉంటే క్రోన్స్ వైపు చూస్తారు. ఇవి ఆనవాళ్లే, రుజువులు కావు. బయాప్సీ ముక్కలో, అంటే పరీక్షకని పుండు నుంచి తీసిన చిన్న ముక్కలో, టీబీ దొరికితే అదృష్టమే. చాలాసార్లు దొరకదు, టీబీ బ్యాక్టీరియా జన్యువును వెతికే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష నెగటివ్ వచ్చినా టీబీ లేదని చెప్పలేం.

ఎటూ తేలనప్పుడు చాలామందికి టీబీ మందులు మొదలుపెట్టి, రెండు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేస్తారు. మా అన్నయ్య మొరాయించింది ఇక్కడే. "బాగానే ఉంది కదరా, రాత్రంతా ఆ పేగు కడిగే మందు నీళ్లు తాగి బాత్రూమ్‌కి తిరగాలి, మళ్లీ ఎందుకు?" అన్నాడు. నొప్పి తగ్గింది, ఆకలేస్తోంది, నిజమే. కానీ టీబీ మందులతో క్రోన్స్ ఉన్నవాళ్లకు కూడా కొన్నాళ్లు హాయిగా అనిపిస్తుంది. హాయిని నమ్మలేం, పుండు మానిందా లేదా అన్నది చూడాలి. మానకపోతే డాక్టర్లు మొదటి నుంచి మళ్లీ ఆలోచిస్తారు.

టీబీ అని తేలితే మామూలుగా 6 నెలల కోర్సు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు ఉచితం, నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండికి నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తారు. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడకండి, అది రిఫాంపిసిన్ రంగు.

బతిమాలి రెండోసారి తీసుకెళ్లాం. స్క్రీన్ మీద మొదటిసారి చూసిన తెల్లటి పుండు లేదు, ఆ చోట లేత గులాబీ రంగు మచ్చ మాత్రం ఉంది. డాక్టరుగారు వేలుపెట్టి చూపించి, "టీబీయే, మిగతా నాలుగు నెలలూ ఒక్క పూట కూడా మానకు" అన్నారు.