“నెట్ రాలా అన్నా” అంటే సరిపోదప్పా: లినక్స్‌లో ఎక్కడ ఆగిందో పట్టుకుందాం

[కెమెరా ముఖం మీద. పక్కన టెర్మినల్ తెరిచి ఉంది.]

అందరికీ నమస్తే, తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. మన కామెంట్లలో ఒకే మాట తిప్పి తిప్పి వస్తా ఉంది: “అన్నా, ఉబుంటులో నెట్ రాలా.” అంతే, ఇంకో ముక్క ఉండదు. దాని కింద ఒకరు రీస్టార్ట్ చెయ్ అంటారు, ఒకరు రౌటర్ ఆపి వెయ్ అంటారు, ఇంకో మహానుభావుడు ఓఎస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసెయ్ అంటాడు. ఎక్కడి దాకా వెళ్ళి ఆగిందని మాత్రం ఒక్కరూ అడగరు. నాకు చిరాకు అక్కడే.

ఎవరైనా వచ్చి “కొండకు పోయినా, దర్శనం కాలా” అంటే మనం ఏం అడుగుతాం? బస్సే ఎక్కలేదా, అలిపిరిలో ఆగిపోయావా, పైకి పోయినాక గది దొరకలేదా, క్యూలో నుంచి వచ్చేశావా అని అడుగుతాం కదా. “ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టు, దర్శనం అవుతుంది” అనం కదా! ఓఎస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమనడం అచ్చం ఇదే. ఈ కొండ ప్రయాణాన్ని ఈ వీడియో అంతా లాగుతా, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే పాత కమాండ్ వదిలేయండి. ల్యాబ్ రికార్డుల్లో ఇంకా అదే రాయిస్తున్నారు, ఇంటర్వ్యూల్లో ఇంకా అదే అడుగుతున్నారు, కానీ ఉబుంటు 18.04 నుంచి అది మామూలు ఇన్‌స్టలేషన్‌లో రాదు. విడిగా వేసుకోవచ్చు, కాకపోతే ఒకే నెట్‌వర్క్ కార్డుకు రెండో అడ్రస్ కలిపి ఉంటే ఒక్కోసారి అది చూపించదు. చూపించని దాన్ని నమ్ముకుని వెతకడం ఎందుకు? ఇప్పుడు వాడేది ‘ఐపీ’ కమాండ్.

[స్క్రీన్: ‘ఐపీ ఏ’ ఫలితం.]

ఐపీ, ఒక స్పేస్, ఏ. కొట్టగానే పొడుగ్గా ఏదో వస్తుంది, భయపడొద్దు. ‘లో’ అని ఉన్నది మన మెషీన్ తనతో తాను మాట్లాడుకునేది, దాన్ని దాటేయండి. ‘ఈఎన్‌పీ3ఎస్0’ లాంటిది కేబుల్ కార్డు, ‘డబ్ల్యూఎల్’తో మొదలయ్యేది వైఫై. ఈఎన్ అంటే ఈథర్‌నెట్, పీ3 అంటే పీసీఐ బస్ నంబరు, ఎస్0 స్లాట్. ఒకప్పుడు ‘ఈటీహెచ్0’ అని ముద్దుగా ఉండేది. రెండు కార్డులున్న మెషీన్‌లో రీబూట్ అయ్యాక ఏది 0, ఏది 1 అన్నది తారుమారు అవుతుండేది కాబట్టి 2013లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులన్నీ నడిపే ప్రోగ్రామ్) వాళ్ళు ఈ పద్ధతి తెచ్చారు. చూడ్డానికి బాగోదు కానీ పని చేస్తుంది.

ఆ లైన్‌లో ‘నో-క్యారియర్’ అని కనిపిస్తే ఇక కింద ఏమీ చదవక్కర్లేదు. మీరు ఇంకా ఇంట్లోనే ఉన్నారు, బస్సే ఎక్కలేదు. కేబుల్ చూడండి. ఆర్‌జే45 కనెక్టర్ మీద చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది కదా, అది విరిగితే కేబుల్ పెట్టినట్టే కనిపిస్తుంది, టేబుల్ కాస్త కదిలితే జారిపోతుంది. హాస్టల్ గదుల్లో సగం కేబుళ్ళు ఇంతే, నాలుక ఎప్పుడో పోయి ఉంటుంది, పైన సెల్లో టేప్ చుట్టి ఉంటుంది. వైఫై అయితే ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టండి. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ దగ్గర ‘యెస్’ అని ఉంటే ‘ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’. ‘హార్డ్ బ్లాక్డ్’ యెస్ అయితే ల్యాప్‌టాప్ మీదే ఎక్కడో స్విచ్చో, ఎఫ్ఎన్ కీనో ఉంటుంది, కమాండ్‌తో పోదు.

ఇక్కడే ఇంకొకటి. నెట్ వస్తుంది కానీ నత్తలా వస్తుంది అనేవాళ్ళు ‘ఈథ్‌టూల్’ పెట్టి పక్కన కార్డు పేరు ఇవ్వండి. స్పీడ్ దగ్గర 1000 రావాల్సిన చోట 100 ఉందంటే చాలాసార్లు తప్పు కేబుల్‌దే. గిగాబిట్‌కు లోపలి నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100కు రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఎలుక ఒక్క తీగ కొరికితే నెట్ పోదు, స్పీడ్ పడిపోతుంది. మీరేమో కంపెనీ వాడికి ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటారు.

సరే, లింక్ ఉంది. తర్వాత అడ్రస్. అదే ‘ఐపీ ఏ’లో ‘ఇనెట్’ పక్కన 192.168.1.37/24 లాంటిది ఉండాలి. ఇది ఎవరిచ్చారు? రౌటర్‌లోని డీహెచ్‌సీపీ. కొండ మీద గదులిచ్చే సీఆర్ఓ ఆఫీసు ఉంది కదా, ఇదీ అలాంటిదే. అడిగితే ఖాళీగా ఉన్న గది ఇస్తుంది, దానికో గడువు పెడుతుంది, గడువు అయిపోతే పొడిగించుకోవాలి లేదా వదిలేయాలి. ‘ఇనెట్’ లైనే లేదంటే ఆఫీసు పలకలేదని అర్థం. కొన్ని సిస్టమ్‌లలో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తుంది, అంటే ఎవరూ గది ఇవ్వలేదు కాబట్టి మీ మెషీన్ తనంతట తాను వరండాలో చాప పరుచుకుంది. పక్కన పడుకున్నవాళ్ళతో మాట్లాడుకోవచ్చు, అంతకు మించి ఏమీ జరగదు.

సీఆర్ఓ దగ్గర ఇంకో తమాషా ఉంది. కొంతమంది స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా చేత్తో పెట్టుకునే అడ్రస్, పెడితే నెట్ స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెప్పారని పెట్టేస్తారు. పెరగదు. పైగా రౌటర్ పంచే నంబర్లలోనే ఒకటి తీసుకుని పెట్టుకుంటారు. అంటే ఆఫీసుకు చెప్పకుండా గదిలో దూరి తాళం వేసుకున్నారు. ఆ గది ఖాళీ అనుకుని ఆఫీసు ఇంకో కుటుంబానికి ఇచ్చింది, వాళ్ళు పిల్లల్ని, బ్యాగుల్ని వేసుకుని తలుపు దగ్గరికి వచ్చారు. ఇక చూడండి! కాసేపు మీకు నెట్ వస్తుంది, కాసేపు వాళ్ళకు వస్తుంది, ఇద్దరూ రౌటర్‌ను తిడతారు. స్టాటిక్ కావాలంటే రౌటర్ పంచే రేంజ్ బయట నంబరు తీసుకోండి, లేదా రౌటర్‌లోనే మీ మెషీన్ పేర ఆ నంబరు రిజర్వ్ చేయించండి. నన్నడిగితే రెండోదే మేలు.

ఇప్పుడు అసలు చోటు, అలిపిరి.

[స్క్రీన్: ‘ఐపీ ఆర్’ ఫలితం.]

ఐపీ, స్పేస్, ఆర్. ఇందులో ‘డిఫాల్ట్ వయా 192.168.1.1’ అని ఒక లైన్ ఉండాలి. కింద ఊళ్ళో గోవిందరాజస్వామి గుడికి పోవాలన్నా, తిరుచానూరు పోవాలన్నా అలిపిరి తనిఖీతో పని లేదు, నేరుగా పోతాం. కొండకు బండిలో పోవాలంటే మాత్రం అలిపిరి దాటాల్సిందే. ఆ /24 చెప్పేది ఇదే: ఏది కింద ఊరు, ఏది కొండ. 192.168.1తో మొదలయ్యేవన్నీ ఊరు, మిగతా ప్రపంచమంతా కొండ, దానికి దారి 192.168.1.1.

చేత్తో అడ్రస్ పెట్టేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. ‘ఐపీ ఏ యాడ్’ అని అడ్రస్ రాసి /24 రాయకపోతే లినక్స్ దాన్ని /32 కింద తీసుకుంటుంది, అంటే ఊరంటే మీ ఇల్లొక్కటే అన్నమాట, పక్కింటికి పోవడానికి కూడా దారి తెలియదు. అదే /24 బదులు /16 పెట్టారనుకోండి, కొండలో 192.168తో మొదలయ్యే భాగం కూడా ఊళ్ళోనే ఉందనుకుంటుంది. కపిలతీర్థం రోడ్డులో నిలబడి “వరాహస్వామి గుడి ఎక్కడప్పా” అని కేకలు వేస్తా ఉంటుంది, పలికేవాళ్ళు ఉండరు. ఆ కేకకు పేరు ఏఆర్‌పీ. ‘ఐపీ ఎన్’ కొడితే ఎవరు పలికారో, ఎవరి పక్కన ‘ఫెయిల్డ్’ పడిందో కనిపిస్తుంది.

ఒక్కోసారి డిఫాల్ట్ లైన్లు రెండు ఉంటాయి. కేబుల్, వైఫై రెండూ కలిపి ఉన్నప్పుడు ఇది మామూలే. అలిపిరి మెట్ల దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారి 2,388. రెండూ కొండకే పోతాయి. లినక్స్‌కు ఏం చెప్పాలి? లైన్ చివర ‘మెట్రిక్’ అని నంబరు ఉంటుంది, అది తక్కువున్న దారినే ఎంచుకుంటుంది. నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా కేబుల్‌కు 100, వైఫైకి 600 ఇస్తుంది. అందుకే కేబుల్‌లో నెట్ లేకపోయినా, వైఫైలో బ్రహ్మాండంగా ఉన్నా, మీ మెషీన్ కేబుల్ వైపే పోయి నిలబడొచ్చు. కేబుల్ పీకగానే నెట్ రావడం మాయ కాదు, ఇదే.

ఇప్పుడు పింగ్. అవతలి మెషీన్ పలుకుతుందో లేదో అడిగి చూసేది. 1983లో మైక్ మూస్ అనే ఆయన రాసిన చిన్న ప్రోగ్రామ్, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. లినక్స్‌లో ఆపేదాకా పోతానే ఉంటుంది కాబట్టి ‘-సీ 4’ చేర్చండి. వరుస ముఖ్యం: ముందు అలిపిరిని, అంటే గేట్‌వేని పింగ్ చేయండి, తర్వాత బయట ఉన్న గూగుల్ వాళ్ళ 8.8.8.8ని, ఆ తర్వాతే ఏదైనా వెబ్‌సైట్ పేరుని. అందరూ మొదటే పేరుతో మొదలుపెట్టి “రాలా” అంటారు.

పింగ్ ఇచ్చే తిట్లు ఒకటి కాదు, దయచేసి చదవండి. ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అంటే దారే తెలియదు, ‘ఐపీ ఆర్’లో డిఫాల్ట్ లైన్ లేదు. ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని మీ సొంత అడ్రస్ నుంచే వస్తే దారి తెలుసు కానీ కేక వేస్తే ఎవరూ పలకలేదు, గేట్‌వే ఆగిపోయి ఉండొచ్చు, /16 గోల అయినా కావచ్చు. ఏమీ చెప్పకుండా మౌనంగా ఉండి చివర్లో 100 శాతం ప్యాకెట్ లాస్ చూపిస్తే, వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. వెళ్ళేటప్పుడు పోయాడో, వచ్చేటప్పుడు పోయాడో మీకు తెలియదు. కొండకు ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో, దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో కదా, ఇంటర్నెట్‌లోనూ పోయే దారి, వచ్చే దారి వేరు కావచ్చు. పైగా కొన్ని కాలేజీ నెట్‌వర్క్‌లు పింగ్‌ను కావాలనే ఆపేస్తాయి, కాబట్టి ఒక్క పింగ్ పోయిందని తీర్పు ఇచ్చేయొద్దు, ‘కర్ల్ -ఐ’తో ఒక సైట్‌ను అడిగి చూడండి.

నాలుగోది, నేను ఎక్కువగా చూసేది: 8.8.8.8 పలుకుతుంది, పేరు పెడితే ‘టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్’. నెట్ ఉందప్పా! మీరు కొండ మీదే ఉన్నారు. మీ మేనత్త వాళ్ళు ఏ కాటేజీలో దిగారో చెప్పే ఎంక్వైరీ కిటికీ మూసి ఉంది, అంతే. వెబ్‌సైట్ పేరు చెప్తే దాని అడ్రస్ చెప్పే ఆ కిటికీయే డీఎన్ఎస్.

దీనికి చాలా వీడియోల్లో ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైల్ తెరిచి 8.8.8.8 రాయమంటారు. రాస్తే పని చేస్తుంది, రీబూట్ చేస్తే చాలాసార్లు పోతుంది, మళ్ళీ కామెంట్. ఎందుకంటే ఉబుంటులో ఆ ఫైల్ సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ తయారు చేసేది. తెరిస్తే 127.0.0.53 అని ఉంటుంది, పైన ఈ ఫైల్ మార్చొద్దని రాసి కూడా ఉంటుంది, ఎవరూ చదవరు. అసలు ఎవరిని అడుగుతోందో చూడాలంటే ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’. మార్చాల్సింది కనెక్షన్‌లో.

టైమ్ అయిపోతా ఉంది, ఇక పరుగే. ‘ఐపీ’ కమాండ్‌తో పెట్టినవేవీ రీబూట్ తర్వాత ఉండవు, అవి పరీక్షకే. నిలవాలంటే డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ మేనేజర్ కమాండ్ ‘ఎన్ఎంసీఎల్ఐ’. ‘ఎన్ఎంసీఎల్ఐ కాన్ మాడ్’, కనెక్షన్ పేరు, తర్వాత ఐపీవీ4 అడ్రసెస్, గేట్‌వే, డీఎన్ఎస్, చివర మెథడ్ మాన్యువల్, మొత్తం లైన్ స్క్రీన్ మీద ఉంది, ఆపి రాసుకోండి. మాన్యువల్ మర్చిపోతే డీహెచ్‌సీపీ అడ్రస్ కూడా పక్కనే కూర్చుంటుంది. మార్చాక ‘కాన్ అప్’ కొట్టాలి, కొట్టకపోతే ఏమీ మారదు. డీఎన్ఎస్ మాత్రమే మార్చాలంటే మెథడ్ జోలికి పోవద్దు, ‘ఐపీవీ4 ఇగ్నోర్ ఆటో డీఎన్ఎస్’ యెస్ పెట్టండి, లేకపోతే రౌటర్ ఇచ్చినవీ లిస్టులో ఉంటాయి.

ఉబుంటు సర్వర్ అయితే నెట్‌ప్లాన్, సెట్టింగులు రాసేది వైఏఎంఎల్ ఫైల్‌లో. ట్యాబ్ కొట్టొద్దు, స్పేస్‌లే. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండి మారుస్తుంటే ‘నెట్‌ప్లాన్ అప్లై’ కాదు, ‘నెట్‌ప్లాన్ ట్రై’. మీరు ఎంటర్ కొట్టకపోతే 120 సెకన్లలో పాత సెట్టింగ్‌కు తిరిగి వస్తుంది. తప్పు రాస్తే తలుపు బయట ఉండిపోకుండా కాపాడేది అదే.

ప్రాజెక్టు పిల్లలకు ఒకటి. “నా సైట్ నా ల్యాప్‌టాప్‌లో వస్తుంది, ఫ్రెండ్‌కి రాలా” అనేవాళ్ళు ‘ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ’ కొట్టండి. మీ పోర్ట్ ముందు 127.0.0.1 ఉంటే అది మీకు మాత్రమే పలుకుతుంది, 0.0.0.0 ఉండాలి. అప్పటికీ రాకపోతే ‘యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్’, ఫైర్‌వాల్. ఐపీవీ6, ఎంటీయూ ఇంకో వీడియోలో.

కింద కామెంట్ పెట్టేటప్పుడు ‘ఐపీ ఏ’, ‘ఐపీ ఆర్’, ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ ఈ మూడింటి ఫలితం కాపీ చేసి పెట్టండి, వైఫై పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు, అది పెట్టొద్దు. మానిటర్‌ను సెల్‌తో అడ్డంగా ఫోటో తీసి పంపితే మాత్రం జవాబు ఇవ్వను.