వీపు మీద చెయ్యి వేసే ముందు

అందరికీ నమస్కారం.

త్వరలో ఆసనాలు నేర్పబోతున్న మీకు ఈ రోజు పశ్చిమోత్తానాసనం గురించే ఎక్కువ చెబుతాను. కాళ్లు చాపుకుని కూర్చుని ముందుకు వంగడం. చూడ్డానికి ఎంతో తేలిక. నేను ఎక్కువ తప్పులు చేసింది మాత్రం ఇందులోనే.

కొత్తలో, ఎవరి తలైనా మోకాళ్లకు ఆనకపోతే వెనక్కి వెళ్లి వీపు మీద చేతులు వేసి నొక్కేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఒకావిడ నడుం పట్టేసి వారం రోజులు రాలేదు. వచ్చాక, "మీరు నొక్కినప్పుడే నొప్పి తెలిసిందండీ, చెబితే బాగుండదని ఊరుకున్నాను" అన్నారు. ఆవిడ నొప్పి నన్ను ఎంత బాధపెట్టిందో, నా దగ్గర ఆవిడ పడిన మొహమాటం అంతకన్నా బాధపెట్టింది.

అక్కడ ఏం జరిగిందో చూడండి. తొడ వెనక కండరాలు పైన మనం కూర్చునే ఎముకలకు, కింద మోకాలు దాటి కాలి ఎముకలకు అతుక్కుని ఉంటాయి. అవి బిగుసుకుని ఉంటే కాళ్లు చాపగానే కటి, అంటే నడుం కింద ఉండే ఎముకల గూడు, వెనక్కి వాలిపోతుంది. ఇక తుంటి దగ్గర వంగే వీలుండదు, నడుమే గుండ్రంగా వంగుతుంది. అప్పుడు మనం పైనుంచి నొక్కితే ఆ ఒత్తిడంతా నడుములో వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీద పడుతుంది.

దీనికి విరుగుడు సులువే. మడిచిన దుప్పటి మీద కూర్చోబెట్టండి. మోకాళ్లు కాస్త వంచుకోనివ్వండి. కటి ముందుకు తిరుగుతుంది, వెన్ను సాగుతుంది. తల ఎక్కడ ఆగినా ఫరవాలేదు. పద్మాసనంలోనూ ఇంతే, తుంటి తిరగనప్పుడు పాదాన్ని లాగితే మోకాలు మెలిపడుతుంది. తొడ ఎముక తల కూర్చునే తుంటి గిన్నె లోతు, దిశ అందరికీ ఒకేలా ఉండవు. సాధనతో కండరం సాగుతుంది గానీ ఎముక ఆకారం మారదు.

శీర్షాసనం, సర్వాంగాసనం నేర్పే ముందు బీపీ, గ్లకోమా అనే కంటి జబ్బు, మెడ నొప్పి ఉన్నాయేమో అడిగి తీరాలి.

యోగసూత్రాలు రాసిన పతంజలి, దాదాపు 200 సూత్రాల్లో ఆసనానికి కేటాయించినవి మూడే. మొదటిది 'స్థిరసుఖమాసనం', అంటే స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం. రెండోది ప్రయత్నాన్ని సడలించమంటుంది. మనం స్థిరం మీద పెట్టినంత శ్రద్ధ సుఖం మీద పెట్టడం లేదని నాకనిపిస్తుంది.

ఎదుటివాళ్లకు సుఖంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఊపిరి చూడండి. బిగబట్టారంటే ఎక్కువైందన్నమాట, కాస్త వెనక్కి రమ్మనండి. "నొప్పిగా ఉందా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు. "ఎక్కడ లాగుతోంది?" అని అడగండి. తొడ మధ్యలో అంటే మంచిదే. మోకాలి వెనక, కూర్చునే ఎముక దగ్గర, నడుములో అంటే మాత్రం అక్కడితో ఆపించండి.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు కాళ్లు చాపి మెల్లగా వంగండి. రెండోవాళ్లు పక్కన కూర్చుని, చెయ్యి వేయకుండా, ఐదు ఊపిర్లు కేవలం చూడండి. మొదలుపెడదాం.