తువ్వాల కింది చెయ్యి

అందరికీ నమస్కారం. ఈ దండం దగ్గరే మొదలుపెడతాను. చేతికి దెబ్బ తగిలిన మనిషి ముందుగా మానేసేది పెళ్లిళ్లకు పోవడం. అక్కడ ఎదురొచ్చినవాళ్లకు రెండు చేతులూ జోడించాలి, బంతిలో కూర్చుని అందరి ముందూ కుడిచేత్తో అన్నం కలపాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లులో బెల్టులో చెయ్యి పడ్డ ఒకాయన నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాడు. మనవాళ్లు నరం తెగిందంటారు గానీ, ఆయనకు తెగింది వేలిని వంచే టెండన్, అంటే కండను ఎముకకు కలిపే తాడులాంటిది. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు మానాయి, వేలు మాత్రం వంగదు. చేతిమీద తువ్వాల కప్పుకుని వచ్చేవాడు. కట్టు విప్పితే మొహం గోడవైపు తిప్పేవాడు. చాలా రోజుల తర్వాత గానీ "నిద్ర పడుతోందా?" అని అడగాలని నాకు తోచలేదు. తప్పు నాదే. "కండ్లు మూస్తే బెల్టు సప్పుడే ఇనవడ్తది సారూ" అన్నాడు.

అది పిరికితనం కాదు. భయంతో చెయ్యి కదపకపోతే మానుతున్న టెండన్ చుట్టుపక్కల కండకు అతుక్కుపోతుంది, కీళ్లు బిగుస్తాయి. అప్పుడు కదిపితే నొప్పి. ఆ నొప్పికి భయం ఇంకా పెరుగుతుంది. నరమే తెగి ఉంటే మరీ ఓపిక కావాలి. అతికాక అది పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొస దాకా నెలలు పడుతుంది. రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో ఆ నెలలు ఎట్లా గడుస్తాయో మీకు వేరే చెప్పాలా! గట్టుప్పల్, పుట్టపాక వైపు నేత నూలుకు రంగు అంటకుండా ముడులేసే చిటికి కట్టేవాళ్లకైతే బొటనవేలు బిగుసుకుపోతే పనే లేదు.

ఆయన భార్య రోజూ అన్నం కలిపి తినిపించేది. ప్రేమే, కాదనను. కానీ గ్లాసు పట్టుకునే అవకాశం కూడా చేతికి రాలేదు. డాక్టరు ఒప్పుకున్న పనులు ఆయన్నే చేయనివ్వమ్మా అన్నాను. మేం నాలుగు రోజులు కసరత్తు పక్కన పెట్టి, మానిన మచ్చకు కొబ్బరినూనె రాస్తూ చేతిని చూడటమే పనిగా పెట్టుకున్నాం. మొదట ఓరకంట చూశాడు. నాలుగో రోజు కుట్ల గుర్తులు తనే లెక్కపెట్టి "పదకొండు" అన్నాడు. వేలు వంగడం ఆ తర్వాతే మొదలైంది.

పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే మీ డాక్టరుతో దాచకుండా చెప్పండి. మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ముందు వరుసలో తువ్వాల కింద చెయ్యి పెట్టుకున్న అన్నలు ఇద్దరు కనబడుతున్నారు. మీటింగ్ అయ్యాక పక్క గదిలోనే ఉంటాను. వదినలను కూడా తీసుకురండి.