ప్రాగ్‌లో 23 నంబర్ ట్రామ్, దాన్ని చేసిన సర్కారు ఫ్యాక్టరీ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో ఇవాళ చలి కాస్త తగ్గింది, ఎండ కూడా వచ్చింది. మా పిన్ని ఎప్పటి నుంచో అడుగుతోంది, "నీ వీడియోల్లో వెనకాల ఎర్ర బండి పోతుంటుంది కదే, అదొకసారి సరిగ్గా చూపించవే" అని. అందుకని ఈ రోజు వంట లేదు, షాపింగ్ లేదు. పూర్తిగా ట్రామే.

ఇది మలోస్ట్రాన్స్కా స్టాపు. అదిగో, 23 వస్తోంది. ముఖం చూడండి, ఎక్కడా పదునైన మూల లేదు. కింద ఎరుపు, పైన మీగడ రంగు. పేరు టాట్రా టీ3. మొదటి నమూనా 1960లో చేశారు, 1962 నుంచి వరసగా తయారు చేశారు. ఈ రూపం గీసినాయన ఫ్రాంటిషెక్ కర్దౌస్. మిగతా లైన్లలో కొత్త బండ్లు, లోపలి సరుకు మార్చిన పాత బండ్లు తిరుగుతాయి. ఈ 23లో మాత్రం పాత యంత్రాలతోనే ఉన్న టీ3లను 2017 నుంచి కావాలనే నడుపుతున్నారు.

దీనికి వేరే టికెట్ అక్కర్లేదు. నేను ఏడాది పాస్ తీసుకున్నప్పుడు 3650 కొరునాలు, మన డబ్బుల్లో పద్నాలుగు, పదిహేను వేలు. రోజుకి 10 కొరునాలు, అంటే దాదాపు 40 రూపాయలు పడింది. మెట్రో, బస్సు, ట్రామ్ దేంట్లోనైనా, ఎన్నిసార్లైనా. గేటు ఉండదు, కండక్టరు ఉండడు. ఏ పనీ లేని ఆదివారం కూడా ఒక్కోసారి ఎక్కేసి ఆ చివరి దాకా వెళ్లొస్తాను. నలుగురి మధ్య కూర్చున్నట్టుంటుంది. అమ్మకి ఇది చెప్పలేదు, ఇప్పుడు వింటుందిలెండి.

ఎక్కుదాం రండి. మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నిజంగా కష్టమే. నాకు నచ్చనిది అదొక్కటే. కింద నుంచి వచ్చే చప్పుడు వినండి, బండి కదిలేటప్పుడు "టకటకటక" అని వినిపిస్తోందా? నేల కింద గుండ్రంగా తిరిగే ఒక కంట్రోలర్ ఉంటుంది. డ్రైవర్ కారులో లాగా కాలితో పెడల్ తొక్కుతుంటే అది తిరుగుతూ కరెంటుని అడ్డుకునే రెసిస్టెన్సులని ఒక్కొక్కటిగా తప్పిస్తుంది. నాలుగు మోటార్లు, ఒక్కొక్కటి 40 కిలోవాట్లు. అందుకే కుదుపు లేకుండా వేగం అందుకుంటుంది. ఆ రెసిస్టెన్సుల వేడిని కూడా వృథా పోనివ్వకుండా చలికాలంలో బండి లోపలికి పంపే ఏర్పాటు చేశారు. ఎంత ముందుచూపో చూడండి.

ఈ టెక్నాలజీ పుట్టింది అమెరికాలో అంటే నమ్ముతారా? అక్కడ 1930ల్లో చాలా ట్రామ్ కంపెనీలు కలిసి పీసీసీ అనే బండి చేయించుకున్నాయి. 1940ల చివర్లో చెకోస్లొవేకియా, అంటే చెక్, స్లొవాక్ ఒకటిగా ఉన్నప్పటి దేశం, దాని లైసెన్సు కొనుక్కుంది, 1951లో దాంతో చేసిన టీ1 అనే బండి వచ్చింది. ఆ పాటికి దేశం కమ్యూనిస్టుల చేతిలోకి వెళ్లిపోయింది. అమెరికా మాత్రం తన ఊళ్లలో చాలా చోట్ల ట్రామ్ పట్టాలు పీకేసుకుంది, ఆ బండి ఇక్కడ సోషలిస్టు ఫ్యాక్టరీలో పెరిగి పెద్దదైంది.

ఇక్కడ ఉయెజ్ద్‌ స్టాపులో దిగి వేరే ట్రామ్ పట్టుకుంటే ఆంద్యెల్, ఈ బండ్లు చేసిన ఫ్యాక్టరీ ఉండిన చోటు. ఆగండాగండి, ఈ సందులో వియత్నాం వాళ్ల కొట్టు ఉంది, కరివేపాకు తీసుకుంటాను. ఇంత చిన్న కట్ట 60 కొరునాలు, 240 రూపాయలు! మా ఇంటి వెనక చెట్టు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఈ దేశంలో వియత్నాం వాళ్లు చాలామంది. సోషలిస్టు రోజుల్లో ప్రభుత్వాల ఒప్పందాల మీద చదువులకి, ఫ్యాక్టరీ పనులకి వచ్చారు. తర్వాత ఎందరో ఇలా కొట్లు పెట్టుకుని నిలబడ్డారు.

ఇదిగో ఆంద్యెల్. ఈ పెద్ద మాల్ చూశారా? ఫ్యాక్టరీ ఇక్కడే ఉండేది. 19వ శతాబ్దంలో రింగ్‌హోఫర్ కుటుంబం స్మీఖోవ్ అనే ఈ పేటలో రైలు పెట్టెలు చేయడం మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం అవగానే ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. తర్వాత చేకాడే అనే ప్రభుత్వ సంస్థలో కలిపి చేకాడే టాట్రా అన్నారు.

సోషలిస్టు దేశాలు 1949లో ఒక ఆర్థిక కూటమి పెట్టుకుని, ఎవరు ఏం తయారు చేయాలో పంచుకున్నాయి. ట్రామ్ పని ఎక్కువగా ఈ ఫ్యాక్టరీకి వచ్చింది. తూర్పు జర్మనీ అయితే 1960ల చివర్లో గోథాలో తన ట్రామ్ తయారీ ఆపేసి టాట్రాలే కొనుక్కుంది. పోలండ్ మాత్రం తన బండ్లు తనే చేసుకుంది. టీ3 రకాలన్నీ కలిపి దాదాపు 14 వేల బండ్లు, అందులో 11 వేలకు పైగా సోవియట్ యూనియన్‌కే వెళ్లాయి. మాస్కో, కీవ్, తాష్కెంట్, ఎక్కడ చూసినా ఇదే బండి. ఒక ఊళ్లో రిపేరు నేర్చిన మెకానిక్ ఇంకో ఊళ్లో కళ్లు మూసుకుని పని చేయగలడు. అంత భారీ ఆర్డర్ ఉంటే ఫ్యాక్టరీ కూడా దాని చుట్టూనే తిరుగుతుంది కదా. 1970ల్లో స్వదేశానికి టీ3 చేయడం ఆపేశారు, కొత్త మోడల్ వస్తుందనుకున్నారు. అది అనుకున్నట్టు రాలేదు. చివరికి 1980ల్లో ప్రాగ్‌కి బండ్లు కావాలంటే సోవియట్ కోసం చేస్తున్న రకాన్నే తీసుకోవాల్సి వచ్చింది. దాని పేరులోనే ఉంటుంది, టీ3ఎస్‌యూసీఎస్ అని, ఎస్‌యూ అంటే సోవియట్ యూనియన్, సీఎస్ అంటే చెకోస్లొవేకియా. ఇది చదివినప్పుడు నాకు బాధేసింది. ఊరందరికీ బండ్లు చేసే ఫ్యాక్టరీలో సొంత ఊరి వంతు ఆఖరున వచ్చిందన్నమాట.

నాకు ఇదంతా ఎందుకింత పట్టింది అంటే, మా నాన్న రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1960ల్లో ఆ టర్బైన్ల ప్లాంటుని పెట్టింది చెకోస్లొవేకియా సాయంతోనే. నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే నాన్న మొదట అడిగింది జీతం కాదు, "మా టర్బైన్ల దేశమేనా?" అని. సర్కారు ఫ్యాక్టరీ అనగానే పని జరగదని తీసిపారేసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. షిఫ్టు సైరన్‌తో లేచి, టౌన్‌షిప్ స్కూల్లో చదువుకుని పెరిగిన పిల్లని నేను. అరవై ఏళ్ల నాటి డిజైన్ బండి ఇవాళ కూడా టైముకి వస్తోంది, చేసినవాళ్లు పని తెలిసినవాళ్లు.

సోవియట్ యూనియన్ 1991లో పోయింది, దాంతో ఆర్డర్లూ పోయాయి. తయారీని ఊరి చివర జ్లిచిన్‌లో కట్టిన కొత్త ప్లాంటుకి మార్చారు, కానీ కొనేవాళ్లు చాల్లేదు. చేకాడే కుప్పకూలింది, 2001లో ట్రామ్ విభాగాన్ని సీమెన్స్ తీసుకుంది, తర్వాత ఆ ప్లాంటూ మూతపడింది. స్మీఖోవ్ స్థలంలో అదే 2001లో ఈ మాల్ తెరిచారు. బండ్లు మాత్రం ఆగలేదు. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక ప్రాగ్ తన పాత టీ3లు కొన్నిటిని అక్కడి ఖార్కివ్ నగరానికి ఉచితంగా పంపింది. అక్కడి వర్క్‌షాపులకి ఆ బండి కొత్త కాదు కదా, వాళ్లూ ఏళ్ల తరబడి అవే నడిపారు.

రామచంద్రాపురంలో తొలి రోజుల్లో చెక్ ఇంజినీర్ల పక్కన పనిచేసిన తాతయ్యలు, బాబాయిలు ఎవరైనా చూస్తుంటే కామెంట్లో రాయండి. ఫొటోలుంటే ఇంకా సంతోషం. మీ మాటలన్నీ కలిపి నాన్నతో ఒక వీడియో చేస్తాను. ఫోన్లో ఆయన్ని ఇప్పటికే ఒప్పించాను.