గడ్డను కాల్చాక ఇమ్యునోథెరపీ కూడా కావాలా?

నమస్కారమండీ. మన తిరుపతి, చిత్తూరు వైపు లివర్ క్యాన్సర్ అని తేలగానే ఇంట్లో మొదటి చర్చ ఒకటే: స్విమ్స్‌కా, అలిపిరి టాటా క్యాన్సర్ ఆస్పత్రికా, వేలూరు సీఎంసీకా? తర్వాత డబ్బు టెన్షన్. ఈమధ్య ఇంకో ప్రశ్న తోడైంది: "గడ్డను కాల్చి, ఇమ్యునోథెరపీ కూడా ఇస్తే మళ్లీ రాదట, నిజమేనా?"

కాల్చడమంటే అబ్లేషన్. స్కానింగ్‌లో చూస్తూ సన్నటి సూదిని గడ్డలోకి దించి, మైక్రోవేవ్ లేదా రేడియో తరంగాలతో వేడెక్కిస్తారు. 60 డిగ్రీలు దాటితే కణాలు అక్కడికక్కడే చచ్చిపోతాయి. గడ్డ 3 సెంటీమీటర్ల లోపుంటే బాగా పనిచేస్తుంది. చిక్కంతా తర్వాతే. కాల్చింది గడ్డను, లివర్‌ని కాదు గదా! హెపటైటిస్ బి వల్లో, మందు తాగడం వల్లో, ఫ్యాటీ లివర్ వల్లో దెబ్బతిన్న లివర్ అలాగే ఉంటుంది. అందుకే ఐదేళ్లలో సగానికి పైగా మందిలో మళ్లీ గడ్డ కనిపిస్తుంది.

ఇక ఇమ్యునోథెరపీ సంగతి. క్యాన్సర్ కణాలు మన టి కణాలకు (ఒంట్లో శత్రువులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) బ్రేకు వేసి తప్పించుకుంటాయి. ఇక్కడ చెప్పే ఇమ్యునోథెరపీ అంటే ఆ బ్రేకు తీయడమే. దానికి దారి చూపినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. గడ్డ కాలినప్పుడు చచ్చిన కణాల ముక్కలు బయటపడతాయి. టి కణాలు వాటిని చూసి శత్రువును గుర్తుపడితే, అప్పుడే బ్రేకు కూడా తీసేస్తే, మిగిలినవాటిని అవే వెతికి చంపుతాయని ఆశ.

వినడానికి చాలా బాగుంది. మరి మనుషుల్లో? ఇంబ్రేవ్ 050 అనే ట్రయల్‌లో (చికిత్సను రోగుల్లో పరీక్షించి చూసే అధ్యయనం), ఆపరేషనో అబ్లేషనో అయ్యాక క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న 668 మందిని తీసుకున్నారు. అబ్లేషన్ వాళ్లు అందులో కొద్దిమందే. సగం మందికి ఏడాదిపాటు అటెజోలిజుమాబ్ (బ్రేకు తీసే మందు), బెవాసిజుమాబ్ (గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే మందు) ఇచ్చారు. మిగతావాళ్లకు పరీక్షలు మాత్రమే. 2023 లెక్కలో, ఏడాది నాటికి తిరగబెట్టనివాళ్లు మందు తీసుకున్నవారిలో 78 శాతం, తీసుకోనివారిలో 65. అందరూ సంబరపడ్డారు. 2024లో మళ్లీ చూస్తే ఆ లాభం నిలబడలేదు. మన వీడియోల వాళ్లు చాలామంది మాత్రం ఇంకా 2023లోనే ఉన్నారు!

ఆ మందులు దండగ అనడం లేదు. కాల్చడానికి వీల్లేనంత ముదిరిన క్యాన్సర్‌లో అదే జంట, పాత మాత్ర సోరాఫెనిబ్ కంటే ఆయుష్షు పెంచింది. గడ్డ పూర్తిగా కాలిపోయి, స్కాన్ శుభ్రంగా ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు దీనికోసం పొలం అమ్మాల్సినంత ఆధారం నాకైతే కనిపించలేదు.

డాక్టర్ గారు ఇద్దామంటే, "ఇది అందరికీ ఇచ్చే చికిత్సా, ట్రయలా సార్?" అని అడగండి. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం కావచ్చు, అందుకే ముందు ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన నరాలున్నాయేమో చూస్తారు. బ్రేకు తీసిన టి కణాలు థైరాయిడ్ మీద, పేగుల మీద, ఒక్కోసారి లివర్ మీదే పడతాయి. లివర్ మార్పిడి ఆలోచన ఉంటే అదీ ముందే చెప్పాలి. ఇక హెపటైటిస్ బి మాత్రలు, కాల్చిన తర్వాత మూడు నెలలకోసారి స్కాన్, ఈ రెండూ మాత్రం "బాగానే ఉన్నాను లే" అని మానేయకండి.